కొక్కెపు సూదితో గడిచిన జీవితం: మేడమోజెల్ రియేగో

నేను గురువుగా అభిషేకం పొందిన తొలి సంవత్సరాలలో గోదావరి డెల్టాలోని ఒక గ్రామ సంఘంలో పనిచేశాను. ఆ యేడు కోతపండుగకు విశ్వాసులు తెచ్చిన కానుకలలో వడ్లు, కొబ్బరికాయలు, కోళ్లు, ఒక పెద్ద గుమ్మడికాయ ఉన్నాయి. వాటితోపాటు సంఘంలోని ఒక వితంతువు తన చేతులతో అల్లిన తెల్లని లేసు బల్లగుడ్డను కాగితంలో చుట్టి తెచ్చింది. ఆరాధన ముగిశాక వేలంపాట మొదలైంది. పాట పాడించినవాడను నేనే. గుమ్మడికాయ విషయంలో ఇద్దరు పెద్దలు పంతానికి పోయి నాలుగువందల రూపాయల దాకా పాడారు. బల్లగుడ్డ నూటయాభైకే పోయింది. అందరూ నవ్వుకుంటూ భోజనాలకు లేచారు. ఆమె కూడా నవ్వింది.

ఆ గుడ్డ ఎన్ని రోజుల పనియో నేను పాటలో చెప్పలేదు. చెప్పడానికి నాకు తెలియదు కూడా. సాయంకాలం ఆమె ఇంటికి వెళ్లి అడిగితే, వంట ముగించి దీపాలు పెట్టాక కూర్చుంటే పదిహేను రాత్రులు పట్టిందని సంకోచిస్తూ చెప్పింది. వేదాంత కళాశాలలో నాలుగేండ్లు చదువుకొన్న నాకు మా సంఘంలో సగంమంది స్త్రీల చేతులలో ప్రతిదినం ఆడే ఆ చిన్న సూదిని గూర్చి ఒక్క ముక్క తెలియదని ఆనాడు గ్రహించాను. అప్పటినుండి వీలు దొరికినప్పుడెల్లా ఈ పనిని గూర్చి చదువుతూ వచ్చాను. స్త్రీల మైత్రి కూటములలో కుట్టుపని మాట వస్తే మనకు వెంటనే దొర్కా జ్ఞాపకం వస్తుంది. ఆమెను గూర్చి మనం చాలా ప్రసంగాలు విన్నాము గనుక, ఈ సంచికలో మరొక స్త్రీ జీవితాన్ని సంఘస్థుల ముందు ఉంచుతున్నాను. ఆమె ఎన్నడూ మన దేశానికి రాలేదు. ఐనను విక్టోరియా రాణి కాలంలో సూదిపని తెలిసిన ఇంగ్లీషు ఇండ్లలో ఆమె పేరు తెలియనివారు తక్కువ.

ఆమె పేరు ఎలియనోర్ రియేగో ద లా బ్రాన్షార్దియేర్. ఇంత పొడవైన పేరు పలకలేక జనులు మేడమోజెల్ రియేగో అనేవారు. ఆమె 1828లో ఇంగ్లండులో జన్మించింది. తండ్రి ఫ్రెంచి దేశపు గొప్ప వంశీయుడు, తల్లి ఐర్లండు స్త్రీ. పుట్టిన దేశం ఒకటి, తండ్రి భాష మరొకటి, తల్లి నేల ఇంకొకటి. ఈ మూడింటిలో తల్లి నేలయే ఆమె పనిని చివరకు తనదిగా చేసికొన్నది. ఆ సంగతి ముందుకు చెబుతాను.

మన స్త్రీలు ఊరకే లేసుపని అని పిలిచే దానికి క్రోషే అని పేరు. ఆ మాటకు ఫ్రెంచి భాషలో చిన్న కొక్కెం అని అర్థం. కొన వంచిన ఒక్క సూది, ఒక్క దారం, ఇంతకంటె పనిముట్టు లేదు. స్వెట్టరు అల్లడానికి రెండు సూదులు కావాలి, ఒక కుట్టు జారితే దాని కింది కుట్లు కూడ జారుతూ పోతాయి. క్రోషేలో ఒక్కొక్క కుట్టు ముగిశాక సూదిమీద ఉండేది ఒక్కటే ఉచ్చు. పిల్లవాడు ఏడిస్తే పని కింద పెట్టి లేవవచ్చు, తిరిగివచ్చి అక్కడినుంచే ఎత్తుకోవచ్చు. ఇది చిన్న సంగతిగా కనబడుతుంది గాని ఈ కథంతా దీనిమీదనే నిలిచి ఉన్నది.

ఈ అల్లికకు అచ్చులో వచ్చిన తొలి నమూనాలు 1823లో పెనెలోపె అనే డచ్చి పత్రికలో కనబడతాయి. అంతకుముందు ఇది చేతినుంచి చేతికి పోయిన విద్య. 1840 తర్వాత ఇంగ్లండులోను స్కాట్లండులోను ఇది కలిగిన ఇండ్ల స్త్రీలకు ఇష్టమైన కాలక్షేపమైంది. ఎడింబరోలో జేన్ గోగెన్ మొదలైన కొందరు స్త్రీలు నమూనా పుస్తకాలు రాసి అచ్చువేశారు. డబ్బుసంచులు, టోపీలు, పసిపిల్లల మేజోళ్లు, కుర్చీ వీపుమీద పరిచే గుడ్డలు, ఇవే ఆ పుస్తకాలలోని సరుకు. ఆ రోజులలో పురుషులు తలకు దట్టంగా నూనె రాసేవారు గనుక కుర్చీలు పాడవకుండ ఆ గుడ్డలు వేసేవారు. మన ఇండ్లలో సోఫాలమీద నేటికీ కనబడే లేసుగుడ్డలకు మూలం ఆ నూనె తలలేనని తెలిసినప్పుడు నాకు నవ్వు ఆగలేదు.

1846లో, పదునెనిమిదేండ్ల వయస్సులో, రియేగో తన పుస్తకాన్ని ప్రచురించింది. అల్లిక, క్రోషే, వలపని అనే మూడింటిని గూర్చినది ఆ పుస్తకం. ఆ దినాలలో పదునెనిమిదేండ్ల కన్య తన పేరు అట్టమీద వేసికొని పుస్తకం అమ్మడం సామాన్యం కాదు. గౌరవ కుటుంబపు స్త్రీ జీతానికి పనిచేయడమే తక్కువతనంగా ఎంచే సమాజమది. ఆమె పనిచేసింది. లండను నగరంలో ధనికులు తిరిగే బాండ్ వీధిలో దారాలు, సూదులు, నమూనాలు అమ్మే దుకాణం పెట్టింది. పుస్తకాలు తానే రాసి తానే ప్రచురించింది. చనిపోయేనాటికి ఆమె పుస్తకాలు డెబ్బదికి పైబడ్డాయి. అన్నిటిమీద మేడమోజెల్ అనియే ముద్రించారు. ఫ్రెంచి భాషలో పెండ్లికాని స్త్రీని అలా పిలుస్తారు.

ఆమె చేసిన ముఖ్యమైన పని ఏమిటంటే, క్రోషేను కాలక్షేపం నుంచి లేసు స్థానానికి ఎత్తడం. ఐరోపాలో లేసు అంటే రాజులు, బిషప్పులు ధరించినది. పదునేడవ శతాబ్దంలో వెనిసు నగరంలోను స్పెయిను దేశంలోను కుట్టుసూదితో, గాలిలో కుట్టినట్టుగా, ఒక్కొక్క దారం వేసి పువ్వులు ఉబ్బెత్తుగా తీర్చేవారు. అరచేతి వెడల్పు ముక్కకు నెలలు పట్టేది. రియేగో అట్టి పాత స్పెయిను లేసును చూచి, అదే రూపాన్ని కొక్కెపు సూదితో తీయవచ్చునని గ్రహించింది. కుట్టుసూదితో అయ్యే కాలంలో ఇది కొద్దిపాటి కాలంలోనే ముగుస్తుంది. చూడడానికి దూరంనుంచి తేడా తెలియదు.

ఆ పద్ధతిని ఇక్కడ కొంచెం వివరించక తప్పదు. మన సోదరీమణులకు ఇది తెలిసినదే, ఓర్చుకోవాలి. పురుషులు మాత్రం చదవాలని నా కోరిక. గులాబి పువ్వును తీసికొందాము. మొదట ఆరు గొలుసుకుట్లు వేసి చివరలు కలిపితే చిన్న వలయమౌతుంది. ఆ వలయం చుట్టూ ఆరు గొలుసు ఉచ్చులు వేయాలి. ప్రతి ఉచ్చులోను ఒక పొట్టికుట్టు, కొన్ని పొడుగుకుట్లు, మరల ఒక పొట్టికుట్టు వేస్తే నడుమ ఎత్తుగా, అంచులలో వాలుగా ఒక రేకు వస్తుంది. ఆరు రేకులయ్యాక, వాటి వెనుకనుంచి మరల ఆరు ఉచ్చులు వేసి, ఈసారి ఇంకా పెద్ద రేకులు అల్లాలి. మూడవ వరుస అంతకంటె పెద్దది. ఇలా రేకుమీద రేకు నిలిచి పువ్వు పైకి లేస్తుంది. ఇంకా ఉబ్బుగా రావాలంటే లావు దారపు పోగును లోపల పెట్టి దానిమీదుగా కుట్లు వేస్తారు. ఆకులు, మూడు రేకుల ఐర్లండు గడ్డి ఆకు, ద్రాక్షగుత్తి, అన్నీ ఇలాగే విడివిడిగా తయారౌతాయి. తర్వాత వాటిని ఒక గుడ్డమీద, ముఖం కిందికి ఉండేటట్టు, గీసిన నమూనా ప్రకారం కుట్టి నిలిపి, నడుమ ఖాళీలను గొలుసుకుట్ల వలతో నింపుతారు. అంతా నిండాక కింది గుడ్డకు పట్టిన టాకాలు తెంచితే లేసు చేతిలోకి వస్తుంది.

విడి పువ్వులుగా అల్లి చివరకు కలపడమనే ఈ ఏర్పాటు వలన ఒక పెద్ద ఫలితం కలిగింది. పెద్ద వస్త్రాన్ని ఒక్కరే మొదటినుంచి చివరిదాకా అల్లనక్కరలేదు. పదేండ్ల పిల్ల ఆకులు అల్లవచ్చు, తల్లి పువ్వులు అల్లవచ్చు, చేయి తిరిగిన ఒక స్త్రీ వాటిని కలపవచ్చు. ధనికురాలి బల్లమీద ఉన్న పుస్తకం ఇంత దూరం పోతుందని ఎవరు అనుకొన్నారు?

1845వ సంవత్సరపు శరత్కాలంలో ఐర్లండు బంగాళాదుంపలకు తెగులు తగిలింది. చాలా పొలాలు కుళ్లిపోయాయి. ఆ దేశపు బీదలకు ఆ దుంప ఒక కూర కాదు, అదే అన్నం. మరుసటి యేడు ఇంకా ఘోరంగా పోయింది. పన్నులు, కౌలు ఆగలేదు. ఓడలలో ధాన్యం ఇతర దేశాలకు పోవడమూ ఆగలేదు. కొద్ది సంవత్సరాలలో సుమారు పది లక్షలమంది ఆకలిచేతను జ్వరాలచేతను చనిపోయారు. అంతకు మించినవారు దేశం విడిచిపోయారు. 1841లో ఎనభై లక్షలు దాటిన జనసంఖ్య 1851కి అరవై అయిదు లక్షలకు పడిపోయింది. ఈ విషయంలో లండను ప్రభుత్వం చేసినది చాలా తక్కువ, చేసినదీ ఆలస్యంగా చేసింది.

ఆ కరువులో సంఘాలు చేసిన పనులలో క్రోషే ఒకటి. కార్క్ పట్టణం దగ్గర బ్లాక్‌రాక్‌లోని ఉర్సులైన్ కన్యాస్త్రీలు తమ మఠంలో బాలికలకు ఈ అల్లిక నేర్పారు. కన్యాస్త్రీల మఠాలు ఒకటి తర్వాత ఒకటి అందుకొన్నాయి. ఉత్తరాన మొనహాన్ మండలంలోని క్లోన్స్ అనే ఊరిలో ఆంగ్లికన్ గురువు థామస్ హాండ్ గారి భార్య కసాండ్రా హాండ్ గారు 1847 ప్రాంతంలో ఈ పనిని ప్రారంభించారు. కిల్డేర్ మండలంలో అప్పటికే ఈ పని నేర్పుతున్న రాబర్ట్స్ అనే దొరసాని వద్దనుంచి నేర్పేవారిని పిలిపించుకొన్నారు. రోమను సంఘమూ ప్రొటెస్టెంటు సంఘమూ మాట్లాడుకోని ఆ దేశంలో రెండు పక్షాలవారూ ఒకే పువ్వును అల్లించారు. గురువు భార్యలు చేసే పనికి జీతమూ ఉండదు, సంఘపు లెక్కలలో పేరూ ఉండదు గనుక ఈమె పేరును ఇక్కడ ప్రత్యేకంగా చెబుతున్నాను. నేటికీ ఒక చిన్న ముడికుట్టును ప్రపంచమంతటా క్లోన్స్ ముడి అని పిలుస్తారు.

ఇంకే చేతిపనీ అంత త్వరగా ఆ గుడిసెలలోకి పోలేకపోయేది. మెత్తమీద కండెలతో అల్లే లేసుకు సామగ్రి కావాలి, ఏండ్ల అభ్యాసం కావాలి. కొక్కెపు సూదిని ఇంట్లోనే చేసికొన్నారు. గట్టి తీగముక్క కొన వంచి, ఆకురాయితో అరగదీసి, కర్రపిడిలోనో బిరడాముక్కలోనో గుచ్చితే చాలు. నూలు చవుక. పొగచూరిన గుడిసెలో అల్లినది మాసినా భయం లేదు, ఉడకబెట్టి ఉతికితే తెల్లబడుతుంది. భర్త పొలం పోగొట్టుకొన్న ఇంట్లో కూతురి సూది అద్దె కట్టింది. కొందరు ఓడ చార్జీలు కూడ ఆ డబ్బుతోనే కూర్చుకొని అమెరికా చేరారు.

ఈ ఐరిష్ క్రోషేను కనిపెట్టినది రియేగోయే అని చాలా పుస్తకాలు రాస్తాయి. ఆమె కూడ ఆ గౌరవాన్ని తనకే ఎంచుకొన్నది. కాని నేను చదివినంతవరకు ఆ కీర్తినంతా ఒక్కరికే కట్టబెట్టడం న్యాయంగా తోచదు. కన్యాస్త్రీలకు పాత ఫ్రెంచి, ఇటలీ లేసుల పరిచయం ఎప్పటినుంచో ఉన్నది. ఆకలిగొన్న ఊళ్లలో బాలికల పక్కన కూర్చుండి వేళ్లు పట్టి నేర్పినవారు వారే. అల్లే స్త్రీలు తమ చుట్టూ కనబడిన ఆకులను, పువ్వులను చూచి కొత్త రూపాలు కల్పించారు. ఒక్కొక్క కుటుంబానికి తన సొంత పువ్వు ఉండేదని, దానిని పొరుగువారికి చూపకుండ దాచేవారని అక్కడ చెప్పుకొంటారు. దాచుకొన్నందుకు వారిని తప్పుపట్టలేము. వారికి ఆస్తి అదొక్కటే.

మరి రియేగోకు మిగిలిన గౌరవమేమిటి? చేతికి తెలిసిన దానిని ఆమె మాటలలో పెట్టింది. ఇది తేలిక అనుకొనేవారు తమ ఇంటి ముగ్గునొకదానిని, బొమ్మ గీయకుండ, కాగితంమీద మాటలలో రాసి చూడాలి. ఏ నంబరు దారం, ఏ నంబరు సూది, ఎన్ని గొలుసులు, ఎక్కడ గుచ్చాలి, ఎక్కడ తిరగాలి అని వరుస వరుసగా ఆమె రాసింది. లెక్క ఒక్కటి తప్పితే ఎక్కడో ఒక స్త్రీ చేతిలో పువ్వు వంకరపోతుంది. ఉపాధ్యాయిని లేని ఊరికి చిన్న పుస్తకం పోగలదు. ఒక మఠంలో ఒక్కరు చదవగలిగితే నూరుమంది అల్లగలరు. గురువులమైన మేము ప్రసంగం రాసికొనేటప్పుడు కూడ ఇంత జాగ్రత్త పడతామో లేదో.

1851లో లండనులో గాజు మందిరం కట్టి లోకమంతటి వస్తువులను ప్రదర్శించినప్పుడు రియేగో పనికి పతకం దొరికింది. అప్పటికామెకు ఇరువదిమూడేండ్లు. మరుసటి సంవత్సరం సూది అనే పేరుతోనే ఒక పత్రికను ప్రారంభించింది. 1854లో ఇంగ్లీషు సైనికులు రష్యాపై యుద్ధానికి పోయి క్రిమియా చలిలో చిక్కుకొన్నారు. ఆ యేడు ఆమె వెలువరించిన శీతకాలపు పుస్తకానికి క్రిమియావారి సుఖంకొరకు అని అర్థమిచ్చే పేరు పెట్టి, సైనికులకు ఇంట్లోనే అల్లి పంపదగిన ఉన్ని వస్తువుల నమూనాలు ఇచ్చింది. అది అమ్మకంకొరకు చేసినదా, దయచేత చేసినదా అని విడదీయడం నావల్ల కాదు. రెండూ ఉండవచ్చు. తర్వాతి కాలంలో వేల్స్ యువరాణి అలెగ్జాండ్రా ఆమెను తన సూదిపని కళాకారిణిగా నియమించింది.

ఆమె జీవితపు నడిమి సంవత్సరాలను గూర్చి చెప్పుకోదగిన సంఘటనలు కొద్ది. దుకాణం, పుస్తకం, మరొక పుస్తకం. ఆమె చివరి కాలంలో స్విట్జర్లండు, జర్మనీ యంత్రాలు లేసును పోలిన సరుకును గజాల కొలది దింపసాగాయి. ఐర్లండులో చేతిపనికి ధర పడిపోయింది, నాసిరకం అల్లిక సంతలకు వచ్చింది. అట్టి సమయంలో, 1886లో, ఐరిష్ లేసు నేర్పే పుస్తకాన్ని ఆమె వెలువరించింది. నలుబదియేండ్లు అల్లికను గూర్చి రాసిన చేయి చివరకు తల్లి దేశపు పనికే తిరిగివచ్చింది. మరుసటి సంవత్సరం, 1887లో, ఆమె చనిపోయింది.

ఆ నలుబదియేండ్లలో ఇంగ్లీషు ఇండ్లలో ఈ అల్లిక నేర్చి పెరిగిన తరంనుంచే మన గోదావరి తీరానికి మిషనెరీల భార్యలు వచ్చారు. భద్రాచలం సమీపాన దుమ్ముగూడెంలో సీ.ఎం.ఎస్. మిషనెరీ జాన్ కెయిన్ గారి భార్య స్త్రీలకు లేసుపని నేర్పినది మన పెద్దలు ఎరుగుదురు. నర్సాపురం ప్రాంతంలో క్రోషే లేసు వేలాది ఇండ్ల పని అయింది. మొదట దీనిని చేపట్టినవారు కొత్తగా సంఘంలో చేరిన బీద స్త్రీలు. తర్వాత ఇతర కులాల స్త్రీలు, బయట కూలికి పోకూడదని ఆచారమున్నవారు, ఇంటి లోపల కూర్చుండి చేయదగిన పని గనుక దీనిని అందుకొన్నారు. ఇక్కడ కూడ పని విడివిడి పువ్వులుగానే పంచబడింది. ఒకరు పువ్వు అల్లుతారు, ఒకరు అతుకుతారు, వేరొకరు అమ్ముతారు. సరుకు సముద్రాలు దాటుతుంది.

మరియా మీస్ అనే జర్మను విదుషి ఈ స్త్రీల మధ్య తిరిగి 1982లో ఒక గ్రంథం ప్రచురించింది. రోజంతా అల్లే స్త్రీని సమాజం పనిచేసేదిగా ఎంచక, ఇంట్లో ఖాళీగా ఉన్న గృహిణి కాలక్షేపంగా ఎంచుతున్నది గనుకనే కూలి అంత తక్కువగా ఉన్నదని ఆమె చూపింది. నేను ఆ పుటలు చదివినప్పుడు వేలంపాట రోజున అందరి నవ్వూ చెవిలో వినబడింది. 2024లో నర్సాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. మంచిదే. ఆ గుర్తింపు వలన పువ్వుకు ఎన్ని రూపాయలు పెరిగాయని మన స్త్రీల మైత్రివారు అడగవలసి ఉన్నది, అడిగితే చెప్పవలసినవారు చెప్పాలి.

ఆ వితంతువు ఉన్న సంఘంనుంచి నేను బదిలీ అయి చాలా ఏండ్లయినది. పోయిన క్రిస్మసుకు చూడబోయినప్పుడు ఆమెకు చూపు తగ్గి సూది పక్కన పెట్టింది. మనుమరాలు కాలేజీలో చదువుతున్నది, ఫోనులో ఎవరో పరదేశపు స్త్రీ అల్లే బొమ్మ చూస్తూ నేర్చుకొంటున్నది. నేను కూర్చున్నంతసేపట్లో ఆ పిల్ల ఆరు గొలుసుకుట్లు వేసి, చివరలు కలిపి, వలయం చుట్టూ ఉచ్చులు వేయడం మొదలుపెట్టింది. ముసలామె వేళ్లతో తడిమి, ఒక ఉచ్చు వదులుగా ఉన్నదని చెప్పి, విప్పించింది.